చేతి వాషింగ్ మెషీన్‌లో అసలు యంత్రం పీపా కాదు, రోలర్లు

పాత చేతి వాషింగ్ మెషీన్లను బాగుచేసి చూపించే వీడియోలు ఈ మధ్య తెగ వస్తున్నాయి. వందేళ్ళ నాటి చెక్క పీపా, తుప్పు పట్టిన గేర్లు, ఊడిపోయిన పిడి. తుప్పు గీకి, కిరసనాయిలుతో కడిగి, రంగు వేసి, ఇరుసుకి గ్రీజు పెట్టి చివర్లో హ్యాండిల్ తిప్పుతారు. లోపల గుడ్డల్ని కలియబెట్టే డాలీ అటూ ఇటూ హాయిగా తిరుగుతుంది. కింద చాలామంది రాసే మాట ఒకటే: ఇంత తేలిగ్గా తిరిగేదాన్ని ఎందుకు వదిలేశారు, కరెంటు కూడా అక్కర్లేదు కదా అని.

ఆ వీడియోల్లో పీపా దాదాపు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. మరీ అయితే రెండు తువ్వాళ్ళు వేస్తారు. ఖాళీ పీపాని తిప్పడం వేరు, నలభై లీటర్ల వేడినీళ్ళలో మూడు కేజీల నూలు గుడ్డలు వేసి తిప్పడం వేరు. అయితే నా అభ్యంతరం అంతటితో ఆగదు. పీపా అంచుకి బిగించి, గుడ్డల్ని పిండే రెండు రబ్బరు రోలర్లు ఉంటాయి. రబ్బరు పగిలిపోయి, స్క్రూలు బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి బాగుచేసేవాళ్ళు వాటిని ఊడదీసి పక్కన పడేస్తారు, లేదా పైపైన రంగు పూసి వదిలేస్తారు. నా లెక్కలో వాళ్ళు పక్కన పడేసిందే అసలు యంత్రం. ఉతికే పీపా మీద పెట్టిన తెలివిలో ఎక్కువ భాగం చేతి శక్తికి సరిపడని పని మీద పోయింది. చేతికి అతికినట్టు సరిపోయిన పని పిండడం.

తిరగలా, కవ్వమా

చేత్తో తిప్పే పనిముట్లు మనకి రెండు రకాలు తెలుసు. తిరగలి ఒకే వైపు తిరుగుతుంది. కవ్వం తాడు లాగినప్పుడల్లా దిశ మార్చుకుంటుంది. బట్టలుతికే యంత్రం ఈ రెండింట్లో దేనిలా ఉండాలన్నది మొదటి నుంచీ ఉన్న తగువు.

1767లో జర్మనీలోని రీగెన్స్‌బర్గ్‌లో యాకోబ్ క్రిస్టియాన్ షేఫర్ అనే మతబోధకుడు తన ఉతికే యంత్రాన్ని లోకానికి చూపించాడు. పుట్టగొడుగుల మీదా పురుగుల మీదా పరిశోధన చేసిన మనిషి ఆయన. ఆ యంత్రం ఒక పీపా, మూతలోంచి లోపలికి దిగిన నిలువు కడ్డీ, దాని చివర గుడ్డల్ని కలియబెట్టే కర్ర వేళ్ళు. 1782లో బ్రిటన్‌లో హెన్రీ సిడ్జియర్ పేటెంట్ తీసుకున్నది పూర్తిగా వేరే జాతి. కర్ర కడ్డీలతో చేసిన బోను లాంటి డ్రమ్ము నీళ్ళ తొట్టిలో అడ్డంగా పడుకుని ఉంటుంది. గుడ్డలు అందులో వేసి పక్కనున్న హ్యాండిల్ తిప్పాలి. ఈరోజు మన ఇళ్ళలోని ఫ్రంట్ లోడ్ మెషీన్‌కి ముత్తాత ఇదే.

డ్రమ్ము చూడ్డానికి సులువైన యంత్రం. గేర్లు అక్కర్లేదు, ఇరుసుకి నేరుగా హ్యాండిల్ తగిలిస్తే చాలు. కష్టం లోపల ఉంది. అర మీటరు వ్యాసం ఉన్న డ్రమ్ము నిమిషానికి 60 చుట్లు దాటితే గుడ్డలు గోడకి అతుక్కుని దాంతోపాటే తిరుగుతాయి, పైనుంచి కిందకి పడవు. పడకపోతే ఉతుకు లేదు. అందుకని 30, 40 చుట్ల దగ్గరే ఉంచాలి. ఆ వేగంలో తడి గుడ్డలన్నీ ఒక ముద్దయి ఒక పక్కకి చేరతాయి. అయిదు కేజీల ముద్ద ఇరుసుకి 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 30 సెంటీమీటర్ల హ్యాండిల్ మీద ఆ ముద్దని పైకెత్తడానికే మూడు కేజీలకి పైగా బలం పెట్టాలి. ముద్ద పైకి దాటగానే హ్యాండిల్ చేతిని లాక్కుపోతుంది. ప్రతి చుట్టులో ఒకసారి బరువు, ఒకసారి జారుడు. పది నిమిషాలకి అలిసిపోయేది భుజం కాదు, మణికట్టు.

అందుకే ఇళ్ళ కోసం చేసినవాటిలో కవ్వం జాతికే ఎక్కువ ఆదరణ దొరికింది. పీపా, మూత, మూతలోంచి వేలాడే డాలీ. డాలీ అంటే అడుగున నాలుగైదు కర్ర మేకులున్న గుండ్రటి పలక, అచ్చం చిన్న ముక్కాలి పీటలా ఉంటుంది. కవ్వంతో పోలిక నేను ఊరికే తేలేదు. జర్మనీలో మీలే కంపెనీ 1899లో పాల మీగడ తీసే యంత్రాలతో మొదలై, వెన్న చిలికే పీపాలు చేసి, ఆ పీపా పనితనంతోనే కొద్ది కాలానికి ఉతికే పీపాల్లోకి వచ్చింది. వెన్న చిలికే చేతికి గుడ్డలు చిలకడం కొత్త కాదు.

డాలీ ఒకే వైపు తిరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మేకులకి గుడ్డ చుట్టుకుంటుంది, ఆ గుడ్డకి ఇంకోటి చుట్టుకుంటుంది, రెండు నిమిషాల్లో అంతా తాడు పేనినట్టవుతుంది. తాడు అయ్యాక లోపలి పొరల్లోకి సబ్బునీళ్ళు పోవు. ఆరు గజాల చీరనైతే ఇలాంటి యంత్రంలో వేయనే కూడదు, మొదటి పది చుట్లలోనే మేకులన్నిటినీ కట్టేస్తుంది. కాబట్టి డాలీ ముప్పావు చుట్టు అటు, ముప్పావు చుట్టు ఇటు తిరగాలి. చేత్తో హ్యాండిల్‌ని అటూ ఇటూ ఆడించడం పెద్ద శ్రమ, ప్రతిసారీ చేయి ఆగి మళ్ళీ కదలాలి. మనిషి ఒకే వైపు తిప్పుతూ ఉంటే డాలీ రెండు వైపులా తిరగాలి. అప్పటి పేటెంట్లలో చాలావాటి గోల ఇదే.

మూత కింద

ఈ చిక్కు ఎలా విడిపోయిందో చూడాలంటే మూత ఎత్తి చూడాలి. హ్యాండిల్ ఒక బరువైన ఫ్లైవీల్‌కి తగిలి ఉంటుంది. మన గడ్డి కోసే మిషన్‌కి ఉండే పెద్ద చక్రం లాంటిదే, చిన్న సైజు. ఆ చక్రం మీద, మధ్యకి కాస్త ఎడంగా ఒక పిన్ను. పిన్ను నుంచి కనెక్టింగ్ రాడ్డు. రాడ్డు వెళ్ళి విసనకర్ర ఆకారంలో ఉన్న పళ్ళ ముక్కని అటూ ఇటూ ఊపుతుంది. ఆ పళ్ళు డాలీ కడ్డీ మీదున్న చిన్న గేరుని తిప్పుతాయి. ఉదాహరణకి విసనకర్ర 80 డిగ్రీలు ఊగిందనుకోండి, చిన్న గేరు దానికి మూడో వంతు సైజైతే డాలీ 240 డిగ్రీలు తిరుగుతుంది. చక్రం ఒక చుట్టుకి డాలీ ఒకసారి అటు, ఒకసారి ఇటు.

ఈ అమరికలో నాకు బాగా నచ్చేది ఇంకొకటుంది. పిన్నూ రాడ్డూ ఉన్న చోట కదలిక రెండు కొసల్లోనూ తనంతట తానే నెమ్మదిస్తుంది. అంటే డాలీ దిశ మార్చుకునే క్షణంలో వేగం సున్నాకి మెల్లగా వస్తుంది, పళ్ళ మీద దెబ్బ తక్కువ పడుతుంది. పళ్ళ కడ్డీని నేరుగా చేతి లివరుతో లాగే చవక రకాల్లో ఈ నెమ్మది లేదు. మనిషి చివరిదాకా విసురుగా లాగుతాడు, గేర్ల పళ్ళ మధ్య ఉన్న సందంతా ఒక్కసారి టక్కున మూసుకుంటుంది. పోత ఇనుము దెబ్బకి వంగదు, విరుగుతుంది. అందుకే పాత మెషీన్ కొనేవాళ్ళు ముందుగా చూడాల్సింది విసనకర్ర రెండు కొసల్లోని పళ్ళు.

రెండో విషయం డాలీ కడ్డీ. గేరు మధ్య రంధ్రం గుండ్రంగా కాకుండా నలుచదరంగా ఉంటుంది, దాంట్లోంచి దిగే కడ్డీ కూడా నలుచదరమే. గేరు కడ్డీని తిప్పుతుంది గాని పట్టుకోదు, కడ్డీ పైకీ కిందకీ స్వేచ్ఛగా జారుతుంది. పీపాలో గుడ్డలు ఎక్కువుంటే డాలీ వాటి మీద తేలి పైకి లేస్తుంది, తక్కువుంటే కిందకి దిగుతుంది. ఈ జారుడు లేకపోతే గుడ్డలు ఎక్కువైన రోజున మేకులు వాటిని అడుగు పలకకి అదిమి నలిపేస్తాయి. చూడ్డానికి ఒక చిన్న చదరపు రంధ్రం, కానీ గుడ్డ చిరగకుండా కాపాడేది అదే. అందులోకి సబ్బు జిగురూ తుప్పూ చేరి కడ్డీ బిగుసుకుపోతే యంత్రం తిరుగుతూనే ఉంటుంది, గుడ్డలు మాత్రం పాడవుతాయి. తప్పెక్కడుందో బయటికి కనిపించదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పీపా పలకలకి లోపల గాడులు కొట్టి ఉంటాయి, రుద్దుడు బల్ల పని చేయడానికి. ఇనప పట్టీలు పలకల్ని బిగించి పడతాయి. వారానికి ఒకరోజే వాడతారు కాబట్టి మిగతా ఆరు రోజులూ ఎండి పలకలు ముడుచుకుపోతాయి, ఉతుకు రోజైన సోమవారం నీళ్ళు పోస్తే కారతాయి. అడుగున రెండంగుళాల నీళ్ళు ఎప్పుడూ నిలవ ఉంచడం దానికి విరుగుడు, కానీ నీళ్ళు నిలవుంటే జిగురు పట్టి వాసనొస్తుంది. గేర్లు మూత మీద ఉండటం వల్ల వాటి నూనె కడ్డీ వెంబడి లోపలికి దిగి తెల్ల దుప్పటి మీద నల్ల మరక వేస్తుంది. నూనె వేయకపోతే గేరు అరుగుతుంది. ఈ ఇరకాటం నుంచి చెక్క పీపా ఎప్పుడూ పూర్తిగా బయటపడలేదు.

ఆరు నిమిషాల లెక్క

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం బింగ్‌హామ్టన్ ఊళ్ళో 1900 వాషర్ కంపెనీ అని ఒకటుండేది. కంపెనీ పేరే 1900. వాళ్ళ గ్రావిటీ వాషర్ ప్రకటనలు అప్పటి పత్రికల్లో బాగా కనిపిస్తాయి. బాగా మురికి పట్టిన ఒక పీపాడు గుడ్డల్ని ఆరు నిమిషాల్లో ఉతుకుతుందనీ, పిల్లలు కూడా తిప్పగలరనీ, నెల రోజులు ఉచితంగా వాడి చూసి నచ్చకపోతే తిప్పి పంపేయమనీ అందులో ఉండేది. ఆ కంపెనీ మీద నాకు గౌరవమే ఉంది, గుడ్డని రుద్దకుండా సబ్బునీళ్ళని గుడ్డలోంచి తోయాలన్న సూత్రం దానికి తెలుసు. కానీ ఆ ఆరు నిమిషాల్ని ఒకసారి లెక్క వేసి చూడాలి.

ఆరోగ్యంగా ఉన్న మనిషి హ్యాండిల్ తిప్పుతూ కాసేపు నిలకడగా ఇవ్వగలిగేది 50 నుంచి 75 వాట్లు. 60 అనుకుందాం. ఆరు నిమిషాలు కాదు, ఉదారంగా పావుగంట తిప్పినా 54,000 జౌళ్ళు. అదే పీపాలోకి నలభై లీటర్ల నీళ్ళు కావాలి. చలి దేశపు బావినీళ్ళు 10 డిగ్రీల దగ్గరుంటాయి, వాటిని 80కి తేవాలంటే కోటీ 17 లక్షల జౌళ్ళు. చేయి చేసిన పనికి రెండు వందల రెట్లకి పైగా. ఆ వేడిని ఇచ్చేది బొగ్గో కట్టెలో. వాటిని మోసి తెచ్చేదీ, పొయ్యి మీంచి మరిగే నీళ్ళు ముంచి పీపాలో పోసేదీ ఆ ఇంటి ఆడమనిషే.

ఇప్పుడు సోమవారం ఉతుకు మొత్తాన్ని వరసగా చూడండి. ముందురోజు రాత్రి నానబెట్టడం. పొద్దున్నే నీళ్ళు కాగబెట్టడం, సబ్బు తురిమి కరిగించడం. తెల్లవి మొదట, తర్వాత రంగువి, చివర్లో పొలం గుడ్డలు, అన్నీ అవే సబ్బునీళ్ళలో. ఒక్కో విడతకి డాలీ తిప్పుడు. తీసి, కాలర్లూ చేతుల అంచులూ చూసి, మురికి మిగిలితే బల్ల మీద రుద్దడం. సబ్బునీళ్ళు పిండడం. మంచినీళ్ళలో జాడించి మళ్ళీ పిండడం. నీలిమందు నీళ్ళలో ముంచి ఇంకోసారి పిండడం. గంజి పెట్టేవాటికి గంజి. ఆరేయడం. ఇందులో ప్రతి గుడ్డా డాలీ కింద ఒకసారి ఉంటుంది. రోలర్ల మధ్యకి మూడుసార్లు వెళ్తుంది.

నీళ్ళు మిగిల్చే రోలరు

కెనడాలో సెయింట్ జాన్ ఊరికి చెందిన జాన్ టర్న్‌బుల్ 1843లోనే ఉతికే తొట్టికి పిండే రోలర్లు జోడించి పేటెంట్ పుచ్చుకున్నాడు. ఆ తర్వాతి ఏడాది ఛార్లెస్ గుడ్‌ఇయర్‌కి రబ్బరుని గంధకంతో ఉడికించి గట్టిపరిచే పద్ధతికి అమెరికన్ పేటెంట్ వచ్చింది. ఈ రెండో సంగతి లేకపోతే మొదటిదానికి పెద్ద బతుకు లేదు. చెక్క రోలరు బొత్తాన్ని పగలగొడుతుంది. దళసరి కుట్టు దగ్గర పైకి లేచి పక్కనున్న పల్చటి గుడ్డని పిండకుండా వదిలేస్తుంది. రబ్బరు కుట్టు దగ్గర లోపలికి నొక్కుకుని రెండు పక్కలా గుడ్డని పట్టుకునే ఉంటుంది.

చెరకురసం బండి చూసినవాళ్ళకి ఈ యంత్రం గురించి వేరే చెప్పక్కర్లేదు. దాని కొలతలు చూడండి. రోలరు వ్యాసం రెండంగుళాలు, అంటే వ్యాసార్ధం రెండున్నర సెంటీమీటర్లు. హ్యాండిల్ పొడవు 25 సెంటీమీటర్లు. గేర్లు ఏమీ లేకుండానే పది రెట్ల బలం. చేత్తో నాలుగు కేజీల బలం పెడితే గుడ్డ మీద నలభై కేజీల లాగుడు. ఒక్కో చుట్టుకి 16 సెంటీమీటర్ల గుడ్డ లోపలికి పోతుంది, రెండున్నర మీటర్ల దుప్పటికి 16 చుట్లు. నిమిషానికి 40 చుట్ల మీద అది 24 సెకన్ల పని. ఆ తర్వాత ఇంకో గుడ్డ మడిచి సిద్ధం చేసుకునేలోపు చేయి కాస్త తేరుకుంటుంది. మనిషి చేయి చేయగలిగిన పని ఇలాంటిదే: నెమ్మదిగా, గట్టిగా, కొద్దిసేపు, మధ్యలో విరామంతో. డాలీ అడిగేది దీనికి సరిగ్గా తలకిందులు. తేలికైన కదలికే, కానీ ఆపకుండా పది పదిహేను నిమిషాలు.

ఇక నీళ్ళ లెక్క. రోలరు విలువ ఇక్కడే తేలుతుంది, దీన్ని ఎవరూ చెప్పగా నేను చూడలేదు. కేజీ నూలు గుడ్డ నీళ్ళలోంచి తీసి కారనిస్తే మూడు లీటర్ల దాకా పట్టుకుని ఉంటుంది. మంచి రోలరు దాన్ని లీటరుకి దింపుతుంది. ఇప్పుడు పది లీటర్ల మంచినీళ్ళలో జాడించామనుకోండి. కారుతున్న గుడ్డలో మూడు లీటర్ల సబ్బునీళ్ళున్నాయి, మొత్తం 13 లీటర్లు, మళ్ళీ తీశాక అందులో మూడు లీటర్లు గుడ్డతో వస్తాయి. అంటే సబ్బు 23 శాతం మిగిలింది. రెండోసారి 5 శాతం, మూడోసారి 1.2 శాతం. పిండిన గుడ్డతో మొదలుపెడితే 11 లీటర్లలో ఒక లీటరు మిగులుతుంది, 9 శాతం. రెండోసారికే 0.8 శాతం. పిండి జాడిస్తే 20 లీటర్లతో అయ్యే పని, పిండకపోతే 30 లీటర్లు పోసినా కాలేదు. ఇది కేజీ గుడ్డకే. బావి నుంచి బకెట్లతో మోసుకునే ఇంట్లో ఆ తేడా ఎన్ని నడకలో లెక్కేసుకోండి.

దీనికి ఒక ఎదురుమాట ఉంది, అది న్యాయమైనదే. చేత్తో గట్టిగా మెలితిప్పితే కూడా లీటరున్నర దాకా దింపొచ్చు కదా అని. దింపొచ్చు, అప్పుడు రెండు జాడింపులకి 1.7 శాతం దగ్గర ఆగుతుంది, అది చెడ్డ లెక్కేం కాదు. కానీ మొదటి దుప్పటిని పిండినట్టు ఇరవయ్యోదాన్ని పిండగలిగే మణికట్టు ఉండదు. పైగా మెలితిప్పడం నూలు పోగుల్ని పొడవునా లాగి తెంపుతుంది. రోలరు అడ్డంగా నొక్కి వదిలేస్తుంది.

రోలరు మరీ సాదాది అనుకోవద్దు. పై రోలరుకి గేరు లేకపోతే అది గుడ్డ రాపిడితోనే తిరగాలి. సబ్బునీళ్ళతో జారే గుడ్డ కింద రోలరుతో ముందుకి పోతుంటే పై రోలరు వెనకబడుతుంది, మధ్యలో గుడ్డ కోసినట్టు నలుగుతుంది. 1860ల్లో అమెరికాలో యూనివర్సల్ రింగర్ అనే పిండే యంత్రపు ప్రకటనలు పళ్ళ చక్రాలున్నాయని అంత గట్టిగా చెప్పుకోవడం ఇందుకే. ఆ పళ్ళు మామూలు గేరు పళ్ళకన్నా పొడుగ్గా ఉంటాయి, ఎందుకంటే దళసరి గుడ్డ వెళ్ళినప్పుడు రోలర్లు ఎడమైనా పళ్ళు ఒకదాన్నొకటి వదలకూడదు. రబ్బరు ఇనప కడ్డీని వదిలేయడం ఇంకో రోగం: హ్యాండిల్ తిరుగుతుంది, కడ్డీ తిరుగుతుంది, రబ్బరు గొట్టం మాత్రం కదలదు. రబ్బరుని కడ్డీ మీదే ఉడికించి అతికించడం దీనికి మందు.

ఈ రోలరు చరిత్రలో ఒక అన్యాయం ఉంది, చెప్పకుండా దాటలేను. వాషింగ్టన్‌లో ఎలెన్ ఎగ్లిన్ అనే నల్లజాతి మహిళ తన పిండే యంత్రపు నమూనా హక్కుని 1888లో 18 డాలర్లకి అమ్మేసుకుంది. చేసింది నల్లజాతి స్త్రీ అని తెలిస్తే తెల్లవాళ్ళ ఇళ్ళలో ఎవరూ కొనరని ఆమే కారణం చెప్పింది. సోమవారం ఉతుకులో ఏది అసలు బరువో ఎవరి చేతులకి తెలుసో ఆమె చేతులు అవే.

అయితే పీపా దండగా?

కాదు. పీపా గొప్ప అంతా గేర్లదే అనుకోవడం వల్ల దాని నిజమైన మేలు మనకి కనపడదు. చెయ్యి ఎక్కువసేపు ఓర్చుకోగల నీళ్ళ వేడి 45 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అప్పటి సబ్బుకి, జిడ్డు మురికికి అంతకన్నా వేడి కావాలి. మూత ఉన్న పీపాలో 70, 80 డిగ్రీల నీళ్ళు పోయొచ్చు, మూత వేడిని కాపాడుతుంది, చెయ్యి సోడాలో, క్షారంలో నానదు. చర్మం పగిలి, గోళ్ళ పక్కన పుళ్ళు పడి ఉతికిన మనుషులకి ఇది చిన్న సంగతి కాదు. డాలీ ఎంత బాగా తిరుగుతోందన్నదాని కన్నా, చెయ్యి పెట్టలేనంత వేడినీళ్ళని కలియబెట్టగలగడమే పీపా చేసిన ఉపకారం అని నా నమ్మకం. ఆ ఉపకారానికి ఫ్లైవీలూ విసనకర్ర గేరూ అక్కర్లేదు. కర్రకి తగిలించిన గరాటు లాంటి రాగి గంటతో నిలువుగా తోసి లాగినా, అదే వేడినీళ్ళు గుడ్డలోంచి పోతాయి. ఈ గంటలు చవక, విరిగే భాగం ఒక్కటీ లేదు.

మోటారు వచ్చాక ఏది ఉంది, ఏది పోయింది అన్నది కూడా నా వైపే మాట్లాడుతుంది. అయోవా రాష్ట్రం న్యూటన్‌లో వ్యవసాయ పనిముట్లు చేసే మేట్యాగ్ కంపెనీ 1907లో పాస్‌టైమ్ అనే చేతి పీపాతో ఈ రంగంలోకి వచ్చింది. 1909లో బయటి ఇంజనుకి బెల్టు తగిలించుకునే పుల్లీ పెట్టింది. 1922లో గైరాఫోమ్ వచ్చేసరికి మూత కింద వేలాడే డాలీ పోయింది, అడుగు నుంచి నీళ్ళని తోసే ఆజిటేటర్ వచ్చింది. చెక్క పోయింది, అల్యూమినియం వచ్చింది. రోలర్లు మాత్రం అలాగే అంచు మీద నిలబడ్డాయి. మేట్యాగ్ రోలర్లున్న మెషీన్లు చేయడం ఆపింది 1983లో. డాలీ మీద అంత బుర్ర పెట్టిన మనుషుల పనంతా పదిహేనేళ్ళలో చెల్లిపోతే, రోలరు ఇంకో అరవై ఏళ్ళు బతికింది.

ఒక్క విషయంలో మాత్రం చేతి రోలరే మేలు. తిప్పేదీ గుడ్డ అందించేదీ ఒకే మనిషైతే, వేలు లోపలికి పోబోతే చెయ్యి తిప్పడం ఆపేస్తుంది. మోటారు ఆపదు. కరెంటు రోలర్లలో మోచేయి దాకా ఇరుక్కున్న పిల్లల గాయాలకి వైద్యులు వేరే పేరే పెట్టాల్సి వచ్చింది, ఒక్క దెబ్బతో రోలర్లు విడిపోయే లివర్లు పెట్టాల్సి వచ్చింది.

స్పిన్ సంగతేంటి?

ఇంతా చెప్పాక నాకే గట్టిగా తగిలే ప్రశ్న ఇది. పిండడమే అసలు పని అయితే, రోలర్లెందుకు, డ్రమ్మునే వేగంగా తిప్పి నీళ్ళు చిమ్మిస్తే పోదా? మన సెమీ ఆటోమేటిక్‌లో పక్క టబ్బు చేసేది అదేగా. చేత్తో కూడా కుదురుతుందా?

కుదురుతుంది. 35 సెంటీమీటర్ల డ్రమ్ముని 300 చుట్ల మీద తిప్పితే గుడ్డ మీద భూమ్యాకర్షణకి 17 రెట్ల బలం పడుతుంది. హ్యాండిల్ నిమిషానికి 60 చుట్లు, మధ్యలో అయిదు రెట్ల గేరు ఉంటే చాలు. ఆరు కేజీల తడి గుడ్డల్ని ఆ వేగానికి తేవడానికి వంద జౌళ్ళు కూడా పట్టవు, చేతికి అదొక లెక్క కాదు. కష్టం బరువు సమంగా సర్దుకోకపోవడంలో ఉంది. అరకేజీ గుడ్డ ఒక పక్కకి ఒరిగితే సెకనుకి అయిదుసార్లు తొమ్మిది కేజీల దెబ్బ చట్రం మీద పడుతుంది. చెక్క కాళ్ళ మీద నిలబడ్డ తొట్టి నేల మీద నడవడం మొదలెడుతుంది. 17 రెట్ల బలంతో వచ్చే ఎండుదనం కూడా మంచి రోలరు ఇచ్చేదాన్ని దాటదు. నిమిషానికి 1300 చుట్లు తిరిగే మోటారు స్పిన్నరుతో చేతి స్పిన్నరుని పోల్చకూడదు.

అయినా ఈ దారిలో ఇప్పుడు మంచి పని జరుగుతోంది. పాండిచ్చేరి దగ్గర కుయిలాపాళయంలో పనిచేసిన నవజ్యోత్ సాహ్నీ అనే ఇంజనీరు, పక్కింటి దివ్య చేత్తో ఉతకడానికి పడే పాట్లు చూసి, 2018లో మొదలుపెట్టిన పనిలో చేతి హ్యాండిల్ మెషీన్ చేసి దానికి ఆమె పేరే పెట్టాడు. డ్రమ్ము తిప్పితే ఉతుకుతుంది, నీళ్ళు వదిలి వేగంగా తిప్పితే పిండుతుంది. శరణార్థి శిబిరాల దాకా వెళ్ళింది. నాకు అందులో సంతోషం కలిగించేది ఆ రెండో సగం. తడి గుడ్డని సగం ఎండిన గుడ్డగా చేసి ఇవ్వడం, చీరలూ జీన్సులూ మెలితిప్పే మణికట్లకి ఊరట ఇవ్వడం. మన ఇళ్ళలోనే చూడండి, సబ్బు పెట్టి బ్రష్షుతో చేత్తోనే ఉతికి, ఆరేసే ముందు మాత్రం డ్రయ్యర్‌లో వేసే ఇల్లాళ్ళు ఎంతమందో. వాళ్ళకి మెషీన్ వాడటం రాక కాదు, ఏ పనికి యంత్రం కావాలో వాళ్ళకి తెలుసు.

పాత మెషీన్ దొరికితే

కాబట్టి ఎవరైనా అలాంటి పీపా ఒకటి సంపాదించి బాగుచేయాలనుకుంటే నా మాట ఇది. గేర్లకి రంగు వేసే ముందు రోలర్ల దగ్గర కూర్చోండి. రోలర్లని ఒకదానికొకటి నొక్కి పట్టే రెండు స్క్రూలూ పూర్తిగా వదులు చేసి రోలరుని చేత్తో తిప్పి చూడండి. ఒక పక్క చదునుగా అణిగి ఉంటే, ఎవరో ఎప్పుడో బిగించి వదిలేసి మర్చిపోయారన్న మాట. కొత్త రబ్బరు వేయించండి, ప్రింటింగ్ ప్రెస్ రోలర్లకి రబ్బరు పోసే షాపులు ఏ పెద్ద ఊళ్ళోనైనా ఉంటాయి. మరీ గట్టి రబ్బరు అడగకండి, గోరు గుచ్చితే కాస్త దిగాలి. కడ్డీ మీద పాత రబ్బరంతా గీకి, ఇసుక కొట్టించి ఇవ్వండి, లేకపోతే కొత్తదీ ఆరు నెలల్లో ఊడుతుంది. పళ్ళ చక్రాలు లోతుగా కలుస్తున్నాయో లేదో, రోలర్ల మధ్య ఒక దుప్పటి నాలుగు మడతలు పెట్టి చూడండి. బొత్తాల్ని లోపలికి మడిచి, అంచు ముందుగా, ఒకసారి ఎడమ పక్క, ఒకసారి కుడి పక్క అందించండి, లేకపోతే రోలరు మధ్యలోనే అరిగిపోతుంది. పని అయ్యాక స్క్రూలు వదులు చేసి, రెండు రోలర్ల మధ్య వెలుతురు కనపడేలా ఉంచి మూసేయండి.